దూడ వాటా

దీపావళికి వారం ముందే మా బర్ల కొట్టంలో పనిచేసే బిహార్ అన్నదమ్ములు ఊరికి బయల్దేరతారు. వాళ్లకు దీపావళి కంటే ఆ తర్వాత ఆరో రోజు వచ్చే ఛఠ్ పెద్ద పండుగ. పండుగ అయ్యాక ఊళ్లో వరి కోతలుంటాయి, ఇంట్లో పెళ్లిళ్లుంటాయి. మళ్లీ వచ్చేసరికి మార్గశిరం సగం గడుస్తుంది. వాళ్లను తప్పు పట్టను. ఏడాదికి ఒక్కసారి ఇంటికి పోయే మనిషిని పోవద్దని ఎట్లా అంటాం? కానీ సరిగ్గా ఆ రోజుల్లోనే మా బర్లు వరసబెట్టి ఈనుతాయి. అందుకే చలికాలం వచ్చిందంటే అత్తమ్మ, మామ, కోడళ్లం, పిల్లలు అందరం కొట్టంలోనే ఉంటాం.

ఆవు ఏడాది పొడుగునా ఎప్పుడైనా ఎదకు వస్తుంది. బర్రె అట్లా కాదు. పగటి పొద్దు తగ్గి రాత్రి పెరుగుతున్నకొద్దీ దానికి ఎద బాగా వస్తుంది. ఎండాకాలంలో వచ్చినా అరవదు, మనకు తెలియనివ్వదు. అందుకని ఎక్కువ బర్లు దసరాకు, శివరాత్రికి మధ్యలోనే సూడి కడతాయి. మోసేది పది నెలల పైన, సుమారు 310 రోజులు. లెక్క వేసుకుంటే వానాకాలం చివరి నుంచి చలి ముదిరేదాకా ఈతల కాలమే. దూడలు పుట్టేదీ అప్పుడే, పాలు పెరిగేదీ అప్పుడే, ఈనినవాటిని మళ్లీ సూడి కట్టించుకోవాల్సిందీ అప్పుడే.

మా అత్తింటివాళ్లది కాచిగూడ. మామ చిన్నతనంలో ఇంటి పక్కనే బర్లు ఉండేవి, పొద్దున గల్లీలో నుంచి తోలుకొని పోయేవాళ్లట. తర్వాత పట్నం పెరిగింది. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచాయి, పెండ ఎక్కడ పోయాలన్నదే రోజూ ఒక పంచాయితీ అయింది. అట్లా ఉప్పల్ దాటి ప్రతాపసింగారం వైపు వచ్చేశారు. నేను భువనగిరి దగ్గరి పల్లెటూరి నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చాను. మా పుట్టింట్లో రెండు ఆవులు, ఒక జత ఎడ్లు ఉండేవి. ఇక్కడ ఇరవైకి పైగా ముర్రా జాతి బర్లు. ఒక్కోదాని స్వభావం తెలుసుకోవడానికే నాకు రెండు చలికాలాలు పట్టింది.

మేముండే వైపు మూసీ ఒడ్డు పొడుగునా పారాగడ్డి పెంచుతారు. కట్టలు కట్టి పట్నంలోని బర్ల కొట్టాలకు అమ్ముతారు. ఏడాదంతా పచ్చగా ఉంటుంది, చౌకగా దొరుకుతుంది. కానీ ఆ గడ్డికి పారేవి నగరం వదిలిన మురుగు నీళ్లు. సూడి బర్లకు, దూడలకు ఆ గడ్డి ముట్టించొద్దని మా ఆయన ఎప్పుడో తేల్చేశాడు. నా మాటా అదే. మేం బోరు కింద సూపర్ నేపియర్ గడ్డి పెట్టుకున్నాం. చలికి అది ఎదగడం తగ్గుతుంది కాబట్టి అక్టోబరులోనే పక్క మడిలో లూసర్న్ అనే పచ్చిమేత చల్లుతాం. లూసర్న్ ఒక్కటే వేస్తే కడుపు ఉబ్బుతుంది. జొన్న చొప్పలో కలిపి నరికి వేయాలి. ఆ నరికే మిషన్ దగ్గర మా మరిది తప్ప ఇంకెవరూ నిలబడొద్దని ఇంట్లో కట్టడి.

పొద్దున మూడున్నరకు లేస్తాం. మొదట వెలిగేది నీళ్ల పొయ్యి. చలికి బర్రె నీళ్లు తక్కువ తాగుతుంది. తాగకపోతే పాలు తగ్గుతాయి, ఎందుకంటే బర్రె పాలలో నూటికి ఎనభై వంతులకు పైన నీళ్లే. అందుకే గోలెంలోని చల్లటి నీళ్లలో వేడి నీళ్లు కలిపి, తవుడూ కాస్త ఉప్పూ వేసి కుడితి చేస్తాం. ఆ కుడితి వాసనకు బర్లన్నీ ఒక్కసారి లేచి నిలబడతాయి. తర్వాత పెండ తీయడం, పొదుగులు గోరువెచ్చటి నీళ్లతో కడిగి పొడిగుడ్డతో తుడవడం. చలికాలంలో ఈ తుడవడం చాలా ముఖ్యం. తడి పొదుగుకు చలిగాలి తగిలితే చన్లు పగులుతాయి. పగిలిన చన్ను పట్టుకుంటే ఎంత సాధు బర్రె అయినా తంతుంది. పాలు పితికిన తర్వాత కాస్త నెయ్యి రాస్తాం. పితికిన వెంటనే బర్లను పడుకోనివ్వం. చన్ను రంధ్రం మూసుకోవడానికి అరగంట పడుతుంది, ఆలోపు పెండలో పడుకుంటే పొదుగువాపు వస్తుంది. అందుకే గాడిలో గడ్డి వేసేది పాలు పితికాకే. తింటూ నిలబడతాయి.

ఐదున్నరకల్లా క్యాన్లు బండి ఎక్కాలి. సగం పాలు ఇళ్లకు, సగం ఇరానీ చాయ్ హోటళ్లకు. చాయ్ హోటల్ వాళ్లకు చిక్కటి బర్రె పాలే కావాలి. చలికాలంలో వాళ్ల గిరాకీ పెరుగుతుంది, మా పాలూ పెరుగుతాయి. ఇళ్లలో మాత్రం పెరుగు తోడుకోవట్లేదని ఫోన్లు వస్తుంటాయి. పాలలో ఏదో కలిపారని అనుమానం. గోరువెచ్చగా ఉన్నప్పుడు తోడు కొంచెం ఎక్కువ వేసి, గిన్నెను బియ్యం డబ్బాలో పెట్టండమ్మా అని మా తోటికోడలు ఓపికగా చెప్తుంది. ఆమె గొంతు విన్నాక ఎవరూ పోట్లాడరు.

పాలు ఎక్కువ ఉన్న ఈ రోజుల్లోనే దూడ వాటా తగ్గుతుంది. చాలా కొట్టాల్లో జరిగేది ఇదే, నేను చెప్పదలచుకున్నదీ దీని గురించే. ఎక్కువ పాలుంటే దూడకు ఎక్కువ దొరకాలి కదా అనిపిస్తుంది. కానీ పాలకు గిరాకీ ఉన్నప్పుడు ప్రతి లీటరూ డబ్బుగానే కనిపిస్తుంది. దూడను రెండు గుక్కలు చీకనిచ్చి, బర్రె చేపగానే, అంటే పాలు దిగగానే, లాగి గుంజకు కట్టేస్తారు. చివర్లో మళ్లీ వదిలినా అప్పటికి పొదుగులో ఏమీ ఉండదు. అది మగదూడ అయితే ఆ రెండు గుక్కలు కూడా దండగ అనుకుంటారు. పుష్యమాసం చలిలో, కడుపు కాలుతూ, తడి నేల మీద పడుకున్న దూడ ఎన్నాళ్లు బతుకుతుంది? చలికి చచ్చిపోయిందంటారు. మా అత్తమ్మ ఒప్పుకోదు. "చలికి కాదు బిడ్డా, ఆకలికి" అంటుంది.

ఆమె మాట నిజమని మా పశువుల డాక్టర్ కూడా చెప్పాడు. పుట్టిన దూడ ఒంటిలో కొవ్వు చాలా తక్కువ. తాగిన పాలే దానికి వేడి. ఇంకో సంగతి కూడా ఆయనే వివరంగా చెప్పాడు. మనుషుల్లో తల్లి కడుపులో ఉండగానే బిడ్డకు రోగాన్ని ఎదుర్కొనే శక్తి కొంత చేరుతుంది. బర్రెలో, ఆవులో మాయ దాన్ని దాటనివ్వదు. దూడ వట్టి చేతులతో పుడుతుంది. దానికి కావాల్సిన రక్షణంతా ముర్రుపాలలోనే ఉంటుంది. దూడ పేగు ఆ రక్షణను ఉన్నదున్నట్టు పీల్చుకునేది మొదటి కొన్ని గంటలే. గంట గంటకూ ఆ శక్తి తగ్గుతూ, ఒక రోజు గడిచేసరికి దాదాపు మూసుకుపోతుంది. అందుకే గంటలోపే మొదటి పాలు పడాలి. దూడ బరువులో పదో వంతు, అంటే ముప్పై కిలోల దూడకు 3 లీటర్లు, మొదటి రోజే తాగించాలి.

మా దగ్గర చాలామంది మాయ పడేదాకా దూడను పొదుగు దగ్గరికి రానివ్వరు. పాలు తీస్తే మాయ పడదని భయం. ఉన్నది దానికి తలకిందులు. దూడ చీకితేనే తల్లి ఒంట్లో గర్భసంచి ముడుచుకునే మందు తయారవుతుంది, మాయ తొందరగా పడుతుంది. మాయ కోసం ఎదురుచూస్తూ దూడను ఎనిమిది గంటలు, పది గంటలు పస్తు ఉంచడం కంటే అన్యాయం ఇంకోటి ఉండదు.

మొన్న లచ్చి ఈనింది రాత్రి రెండింటికి. సాయంత్రమే తోక పక్కల ఎముకలు వదులైనాయి, పొదుగు బిగిసింది, మేత మానేసింది. అత్తమ్మ గొంగడి కప్పుకొని పక్కనే కూర్చుంది. నేను వరిగడ్డి మందంగా పరిచాను. ఉమ్మనీటి సంచి పగిలాక రెండు ముందరి కాళ్లు, వాటి మీద ముక్కు కనిపించాలి. ఒక్క కాలే కనిపిస్తే మనం చెయ్యి పెట్టకుండా డాక్టర్‌ను పిలవాలి. లచ్చికి సవ్యంగానే కనిపించాయి.

"లాగకు బిడ్డా. అది ముక్కినప్పుడు నువ్వు పట్టుకో, అది ఊపిరి తీసుకున్నప్పుడు నువ్వూ ఆగు" అంది అత్తమ్మ.

దూడ పడింది. ముక్కులో, నోట్లో జిగురు. అత్తమ్మ వేలితో తీసేసి, గడ్డిపరకతో ముక్కులో కదిపింది. తుమ్మింది. గోనె సంచితో ఒళ్లంతా గట్టిగా రుద్దాను. మూడొంతుల పని లచ్చి నాలుకే చేసింది. బొడ్డు పొట్టకు రెండు అంగుళాలు వదిలి దారం కట్టి, కొత్త బ్లేడుతో కోసి, టింక్చర్ అయోడిన్ రాశాం. బొడ్డులోంచి క్రిములు పోతే తర్వాత కీళ్లు వాస్తాయి, దూడ లేవలేదు. అరగంటకు తడబడుతూ నిలబడింది. నేను చన్ను నోట్లో పెట్టాను.

"ఏమిటి?" అని లోపల్నుంచి మామ అడిగాడు.

"పోతు దూడ మామా."

"మంచిది. పాలు తాగిందా?"

మా మామ ప్రతి ఈతకూ ఈ రెండు ప్రశ్నలే అడుగుతాడు. మొదటి దానికి జవాబు ఏదైనా "మంచిది" అంటాడు. ఆడదూడ అయితే ఒక లెక్క, మగదూడ అయితే ఇంకో లెక్క ఆయన నోట ఎప్పుడూ వినలేదు.

పొద్దున్నే జున్నుపాల కోసం గిన్నెలు వస్తాయి. సుట్టాలు, పక్కవాళ్లు, హోటల్ ఓనర్ భార్య, స్కూల్ టీచర్. బెల్లం, మిరియాలు, యాలకులు వేసి ఆవిరి మీద ఉడికించిన జున్ను ఎవరికి చేదు? నాకూ ఇష్టమే. కానీ మా ఇంట్లో మొదటి రోజు పాలు జున్ను కోసం ఇంటి గడప దాటవు. దూడ తాగగా మిగిలినవి కూడా అంతే. మా పెద్దమ్మాయి వాటిని అర లీటరు సీసాల్లో పోసి, తేదీ రాసి డీప్ ఫ్రిజ్‌లో పెడుతుంది. తల్లి చనిపోయినా, తొలిసారి ఈనిన బర్రె దూడను దగ్గరికి రానివ్వకపోయినా ఆ సీసాయే దిక్కు. దాన్ని పొయ్యి మీద కాచకూడదు. విరిగిపోవడమే కాదు, అందులోని రక్షణ కూడా పోతుంది. గోరువెచ్చటి నీళ్లలో సీసా నిలబెట్టి కరిగించాలి. ఈ కార్తీకంలో పక్క కొట్టంలో ఒక బర్రె ఈనిన రాత్రే పాలజ్వరంతో పడిపోయింది. మెడ పక్కకు వాల్చి, చెవులు చల్లబడి, లేవలేకపోయింది. డాక్టర్ వచ్చి కాల్షియం రక్తనాళంలోకి మెల్లగా ఎక్కించేదాకా దాని దూడకు మా ఫ్రిజ్‌లోని పాలే పోశాం. బర్రె లేచింది, దూడ కూడా ఉంది.

రెండో రోజు నుంచి ఎవరికైనా జున్నుపాలు పోస్తాం. డబ్బులు మాత్రం తీసుకోం. అది అత్తమ్మ అత్తగారి కాలం నుంచి వస్తున్న పద్ధతి.

లెక్కలు చెప్పేవాళ్లు నాకు తెలుసు. రోజుకు మూడు లీటర్ల చొప్పున నెలకు 90 లీటర్లు దూడకు పోస్తే మీకేం మిగులుతుందని అడుగుతారు. నా దగ్గరా లెక్క ఉంది. దూడ ఉంటే బర్రె చేపుతుంది. దూడ చచ్చిపోతే చేపదు, పాలు బిగబడుతుంది, కొన్ని బర్లు ఆ ఈత మొత్తం సరిగ్గా ఇవ్వవు. అప్పుడు పాలు దింపే ఆక్సిటోసిన్ సూదులు మొదలుపెడతారు. పాలు పెంచడానికి పశువు ఆరోగ్యం చెడేట్టు సూదులు వేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారమే నేరం. కొందరు చచ్చిన దూడ తోలులో గడ్డి కూరి తల్లి ముందు నిలబెడతారు. తల్లి దాన్ని నాకుతూ పాలు వదులుతుంది. నేను పెళ్లైన కొత్తలో ఒకరి కొట్టంలో అది చూశాను. ఆ పూట అన్నం తినలేకపోయాను. మా అత్తమ్మకు చెప్తే ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మన గడపలో అది రాదు. రాకుండా చూసేది ఇక నీ పని" అంది. అప్పటి నుంచి దూడల కొట్టం నా చేతిలోనే ఉంది.

దూడల కొట్టానికి ఉత్తరం, తూర్పు వైపుల గోనె పరదాలు దించుతాం. పైన మూర మందం తెరిచే ఉంచుతాం. చలి అని అన్ని వైపులా మూసేస్తే మూత్రం ఘాటు లోపలే నిలిచి దూడల ఊపిరితిత్తులు పాడవుతాయి. వంగి దూడ ముక్కు ఎత్తున మన ముక్కు పెట్టి చూడాలి. మన కళ్లు మండితే దానికీ మండుతున్నట్టే. కింద వరి ఊక, దాని మీద పొడి గడ్డి, తడిసింది తడిసినట్టే మార్చాలి. చిన్నవాటికి గోనె సంచులు చొక్కాల్లాగా కుట్టి కడతాం. ఆ కుట్టుపని మా తోటికోడలిది. పదో రోజుకు నులిపురుగుల మందు. బర్రె దూడకు ఏలికపాములు తల్లి పాలలోనే వస్తాయి, కాబట్టి ఎంత శుభ్రంగా ఉంచినా మందు తప్పదు. బంకమట్టి రంగులో పారిందంటే ఆలస్యమైనట్టే. రెండో వారం నుంచి గుప్పెడు దాణా, లేత గడ్డి అలవాటు చేస్తే మూడో నెలకు పాలు మాన్పించవచ్చు. నాలుగో నెల నిండాక గాలికుంటు టీకా, ఆ తర్వాత ఆరు నెలలకొకసారి. అది సర్కారు ఉచితంగా వేస్తుంది, చెవికి పన్నెండు అంకెల పోగు కూడా వేస్తారు. ఆడదూడలకు నాలుగు నుంచి ఎనిమిది నెలల లోపల ఈసుకుపోయే, అంటే నెలలు నిండకముందే దూడ పడిపోయే రోగం టీకా ఒక్కసారి వేయించాలి. ఆ గడువు దాటితే వేయరు.

ఇంతలో పెద్ద బర్లను మళ్లీ సూడి కట్టించాలి. ఎద ఎక్కువగా రాత్రీ తెల్లవారుజామునే కనిపిస్తుంది. అరుపు, తీగలా జారే జిగురు, పాలు ఒక్కసారి తగ్గడం గమనిస్తూ ఉండాలి. పరీక్షలకు చదువుకుంటూ మా పెద్దమ్మాయి పదకొండింటికి ఒకసారి టార్చి పట్టుకొని కొట్టం చుట్టి వస్తుంది. సాయంత్రం ఎద చూస్తే మర్నాడు పొద్దున, పొద్దున చూస్తే సాయంత్రం సూడి సూది వేసే గోపాలమిత్రను పిలుస్తాం. తేదీలన్నీ వంటింటి క్యాలెండర్‌లో ఉంటాయి. ఏకాదశి పక్కన గౌరి, అమావాస్య పక్కన నల్లది. ఇరవై ఒకటో రోజు మీద మామ ఒక ఎర్ర చుక్క పెడతాడు. ఆ రోజు మళ్లీ అరవకపోతే సూడి నిలిచిందని ఆశ.

  

మామకు మగదూడల మీద ప్రేమ సదర్ అనే పోతుల పండుగ వల్ల వచ్చింది. దీపావళి దాటిన రెండో రోజు నారాయణగూడలో జరిగే సదర్‌కు ఆయన చిన్నప్పటి నుంచి పోతాడు. నూనె రాసి నిగనిగలాడే పోతులు, మెడలో గవ్వల దండలు, రంగు కొమ్ములు, డప్పుల మోత. ఇప్పుడు హర్యానా నుంచి పెద్ద పెద్ద ముర్రా పోతులను తెస్తున్నారు, జనం వాటితో ఫొటోలు దిగుతారు. మామ మాత్రం ఇంట్లో పుట్టి ఇంట్లో పెరిగిన పోతునే తీసుకుపోతాడు. ఒకరోజు ఊరేగడానికి మూడేళ్లు పాలు, దాణా పెట్టాలని ఆయన ఎప్పుడూ లెక్క చెప్పలేదు. లచ్చి దూడ కాళ్లు పొడుగని, నుదురు వెడల్పని ఇప్పటికే రెండుసార్లు అన్నాడు. అంటే అది అమ్మకానికి లేదని మాకందరికీ అర్థమైంది.

సంక్రాంతి తర్వాతి మొదటి ఆదివారం కొమురవెల్లి మల్లన్న దగ్గర పట్నం వారం. హైదరాబాద్ యాదవులందరూ బండ్లు కట్టుకొని పోతారు. పసుపు బండారి, ఒగ్గువాళ్ల కథ, పెద్దపట్నం, అగ్నిగుండం. బర్లు సల్లగా ఉండాలని మొక్కేది అక్కడే. ఈసారి అత్తమ్మ, మామ, మరిది కుటుంబం పోతున్నారు. నేనూ మా ఆయనా, పెద్దమ్మాయీ ఉండిపోతున్నాం. క్యాలెండర్ ప్రకారం తొలిచూలు బర్రె సరిగ్గా ఆ వారంలోనే ఈనాలి. అయోడిన్ సీసా, బ్లేడు, దారం, పాత చీర ముక్కలు గూట్లో పెట్టాం. ఫ్రిజ్‌లో నాలుగు సీసాలు ఉన్నాయి. జున్నుపాలు కావాలని అప్పుడే ముగ్గురు ఫోన్ చేశారు. ఈనిన మర్నాడు గిన్నెలు పట్టుకొని రమ్మన్నాను.